చెప్పులు కుట్టువాని శ్లేష

ఎలిజబెత్తు రాణి కాలపు ఆంగ్ల నాటకములలోని ద్వ్యర్థపదములను గూర్చి యీ సంవత్సరపు సంచికకు కొంత వ్రాయవలెనని సంకల్పించితిని. ఇది అలంకారశాస్త్ర వ్యాసమని తలచి చదువరులు పుట త్రిప్పివేయకుందురు గాక. నేను వ్రాయబూనినది నేను చిన్ననాట పడిన యొక సిగ్గును గూర్చియు, అది పోయిన విధమును గూర్చియు.

నేను చదివినది ఈ పాఠశాలలో కాదు, వేరొక యూర. తొమ్మిదవ తరగతిలో మా ఆంగ్లోపాధ్యాయులు షేక్స్పియరు మహాకవి రచించిన ‘జూలియస్ సీజరు’ నాటకపు మొదటి రంగమును చదివి వినిపించుచుండిరి. అందు రోము పట్టణపు చెప్పులు కుట్టువా డొకడు వచ్చి అధికారుల ప్రశ్నలకు వంకర ప్రత్యుత్తరము లిచ్చును. ఆ వృత్తి పేరు వినబడినంతనే తరగతిలోని తలలన్నియు నావైపు తిరిగెను. మా తండ్రి యేమి పని చేయువాడో యెరుగనివారు అచ్చట లేరు. నేను బల్లమీది సిరామరకను చూచుచు కూర్చుంటిని. ఉపాధ్యాయులు నా స్థితిని కనిపెట్టిరో లేదో చెప్పజాలను. ‘ఇది పామరులను నవ్వించుటకు వ్రాసిన మాటల గారడి. పరీక్షలో అడుగరు. ముందుకు పోవుదము’ అని వారు పుట త్రిప్పిరి. అది నాకు మహోపకారముగా తోచెను. తరువాత నేనును ఉపాధ్యాయుడనై యదే నాటకమును బోధించునప్పుడు, ఆ స్థలమునకు వచ్చినప్పుడెల్ల ఆయన పలికిన వాక్యమునే పలికి, ఆయన వలెనే పుట త్రిప్పుచు వచ్చితిని.

ఇంతకును ఆ రంగములో నున్న దేమి? పాంపే కుమారులను గెలిచి సీజరు రోమునకు మరలి వచ్చుచున్నాడు. ఆ విజయోత్సవమును చూచుటకు పనివారు తమ పనులు మాని వీథులలోనికి వచ్చిరి. ఫ్లేవియసు, మరుల్లసు అను నిరువురు ట్రిబ్యూనులు, అనగా ప్రజల పక్షమున నిలువవలసిన అధికారులే, వారి కడ్డుపడి, పనిదినమున పనిముట్లు లేక తిరుగనేల యని గద్దింతురు. మొదటివాడు తాను వడ్రంగినని తిన్నగా చెప్పి యూరకుండును. రెండవవాడు మాత్రము తాను ‘కాబ్లరు’ నని చెప్పును. ఆ మాటకు చెప్పులు బాగుచేయువాడని యొక యర్థము. పని చేతకాక మొరటుగా చేయువాడని ఆ కాలమున మరియొక యర్థము. అధికారికి రెండవ యర్థమే తట్టి, నీ పని యేమని మరల నడుగును. అంతట వాడు, చెడిన ‘సోలు’లను బాగుచేయుట తన వృత్తి యనును. సోల్ అనగా చెప్పు క్రింది యట్ట; సోల్ అనగా మనుష్యుని యాత్మ. అధికారికి కోపము వచ్చును. కోపపడకుడు, చిరిగినచో మిమ్మును బాగుచేయగలనని వాడు మరియొక మాట విసరును. ఇట్లు రెండు మూడు తడవలు ప్రశ్నించిన తరువాత గాని పైవారికి క్రిందివాని వృత్తి తెలియదు. తన బ్రదుకంతయు ‘ఆల్’ తోనే యున్నదని వాడు చెప్పుట మరియొక విచిత్రము. ఆ ధ్వనికి సమస్తమనియు, తోలుకు రంధ్రము చేయు ఆరె యనియు రెండర్థములు. పాతచెప్పులకు తాను శస్త్రవైద్యుడనని కూడ వాడు చెప్పుకొనును. జనులను వీథుల వెంట నేల త్రిప్పుచున్నావన్న ప్రశ్నకు, వారి చెప్పు లరిగిన తనకు పని దొరకునని యుత్తరమిచ్చును. ఇదియంతయు ముగిసిన పిదప మాత్రమే సీజరును చూడవచ్చితిమని తిన్నగా చెప్పును.

మా తండ్రి పనిముట్లలో ఆరె యుండెను. దాని పిడి ఆయన అరచేతిరాపిడిచే నున్నబడి మెరయుచుండెను. ఆయన చదువుకొన్నవాడు కాడు. బైబిలు కూడ ఇతరులు చదువగా వినినవాడే. మా గ్రామమున చెప్పులు బాగుచేయువానికి రొక్కము చేతికి వచ్చుట తక్కువ. పంటకాలమున కళ్లములో కొలిచి యిచ్చు మేరయే కూలి. ఒక యేడు ఒక పెద్ద కమతగాడు మేర కొలువక జాగు చేయుచు, తన యింటిల్లిపాది చెప్పులును పంపుచునే యుండెను. నాకప్పుడు పది యేండ్లుండును. ఒక సాయంకాలము నలుగురిని వెంటబెట్టుకొని ఆయనయే మా వాకిటికి వచ్చి, అందరును వినునట్లు, ‘ఏమిరా, మేర కావాలా? అడుగు మరి!’ అనెను. మా తండ్రి తల యెత్తక, చేతిలోని చెప్పును త్రిప్పి చూపి యన్న మాటను ఆయన పలుకుబడిలోనే వ్రాయుచున్నాను: ‘అయ్యా, నేను అడుగులు వేసేవాణ్ణే గాని అడిగేవాణ్ణి కాను.’

కమతగాడును వెంటనున్నవారును పకపక నవ్విరి. చెప్పుకు అడుగువేయువాడు తన తక్కువతనమును తానే యొప్పుకొనెనని వారి తలంపు. వారు పోయిన తరువాత లోపల మా తల్లి కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వుచుండెను. ఆమెకు రెండవ యర్థము తెలిసినది. అడుగుట యనగా యాచించుట గదా! నేను పనివాడను, బిచ్చగాడను కాను, ఇవ్వవలసిన దిచ్చుట నీ ధర్మము అని ఆ మాటకు లోపలి యర్థము. నాకో, ఆ నవ్వు వినుటయే అవమానముగా నుండెను. నాయన యేల తిన్నగా మాటలాడలేదని లోలోపల కోపించుకొంటిని. తిన్నగా మాటలాడినచో నేమగునో అప్పటికి నా కెరుక లేదు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరిన తరువాత నా సిగ్గునకు పండితుల యాసరా దొరకినది. 1711వ సంవత్సరమున ఆడిసన్ అను వ్యాసకర్త తన ‘స్పెక్టేటరు’ పత్రికలో మాటల యందలి చమత్కారమునకు ఒక పరీక్ష పెట్టెను. దానిని వేరొక భాషలోనికి మార్చి చూడవలెనట. నిలిచిన నది నిజమైన చమత్కారము. మాయమైన నది వట్టి ధ్వనిక్రీడ. 1765వ సంవత్సరమున షేక్స్పియరు నాటకములను ప్రకటించిన శామ్యూలు జాన్సను పండితుడు మరింత కఠినుడు. ఆ కవికి శ్లేషపై గల వ్యామోహమును, స్త్రీ కొరకు సామ్రాజ్యము వదలుకొన్న ఆంటొనీ వ్యామోహముతో పోల్చి చెప్పెను. నేను పరీక్షలో ఈ యిరువురి యభిప్రాయములను వ్రాసి, వారితో నేకీభవించుచున్నానని ముగించి, మంచి మార్కులు సంపాదించితిని.

ఆశ్చర్యమేమనగా, ఆ వారములోనే తెలుగు పాఠమున పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ను గూర్చి చెప్పబడెను. ఒకే పద్యమున రామకథయు భారతకథయు పొసగునట్లు కావ్యమంతయు నడిపిన మహాకవి యని మేము ఆయనను కొనియాడితిమి. సూరనయు పదునారవ శతాబ్దపు వాడే. ఒక భాషలో పాండిత్యమునకు పరాకాష్ఠ యనబడినది మరియొక భాషలో పామరత్వ మెట్లగునని నేను ప్రశ్నించుకొనలేదు. రెండు తరగతులు, రెండు నోటుపుస్తకములు.

ప్రశ్న వేసినవాడు నా విద్యార్థి. కొన్ని యేండ్ల క్రిందట నేను యథాప్రకారము ఆ స్థలమున పుట త్రిప్పబోవుచుండగా, వెనుక వరుసలో నెన్నడును నోరు మెదపని పిల్లవా డొకడు లేచి నిలుచుండి, ‘అయ్యా, ఆ చెప్పులు కుట్టువాడు భయపడి అట్లు మాటలాడెనా, భయములేక మాటలాడెనా?’ అని యడిగెను. గంట మ్రోగువరకును నేనేమి చెప్పితినో నాకే జ్ఞాపకము లేదు. ఆ పిల్లవాని తండ్రి యే పని చేయునో నే నడుగలేదు. ఆ రాత్రి లాంతరువలె వెలుగుచు ఆరుచునున్న దీపము క్రింద కూర్చుండి ఆ రంగమును మొదటిసారిగా చదివితిని. అంతకుముందు దానిని దాటితినే గాని చదువలేదు.

‘జూలియస్ సీజరు’ 1599వ సంవత్సరపు నాటకము. స్విట్జర్లండు దేశీయుడైన థామస్ ప్లాటరు ఆ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన లండనులో పూరికప్పు గల నాటకశాలలో సీజరు కథను ప్రదర్శింపగా చూచినట్లు వ్రాసియున్నాడు. ఆ యేటనే థామస్ డెక్కరు ‘షూమేకర్స్ హాలిడే’, అనగా ‘చెప్పులు కుట్టువారి పండుగ’ యను నాటకము నాడించెను. అందు సైమన్ ఐరు అను చెప్పులు కుట్టు యజమానుడు లండను నగరమునకు మేయ రగును. ఇంకొక సంగతి. క్రిస్టొఫర్ మార్లో కవి తండ్రి కాంటర్బరీలో చెప్పులు కుట్టువాడు. షేక్స్పియరు తండ్రి స్ట్రాట్ఫర్డులో తోలు పదునుచేసి చేతితొడుగులు కుట్టి యమ్మినవాడు. ఇరువురును 1564లోనే జన్మించిరి. ఎలిజబెత్తు కాలపు నాటకమునకు రెండు కన్నులని చెప్పదగిన యిరువురును తోలువాసనలో పెరిగిన బిడ్డలని నాకు తొమ్మిదవ తరగతిలో నెవరైన చెప్పియుండినచో, సిరామరకను చూచుచు కూర్చుండియుండను. ఆరె యొక్క మొన యెంత వాడియో ఆ కవికి పుస్తకములవలన తెలియలేదు.

అంతట నేను ద్వ్యర్థములను వెదకుచు ఇతర నాటకములను తిరుగదోడితిని. అవి నవ్వు కొరకే యున్నవను మాట తప్పని త్వరలోనే తేలినది. హామ్లెట్ తండ్రి మరణించెను. పినతండ్రి సింహాసన మెక్కి, తల్లిని వివాహమాడి, నిండు సభలో హామ్లెట్‌ను కుమారుడా యని పిలుచును. నీ ముఖమున మబ్బు లేల యని యడుగును. మబ్బు లేదు, ఎండయే యెక్కువైనదని యతని యుత్తరము. ఆంగ్లమున ఎండకును కుమారునకును ‘సన్’ అనునదే ధ్వని. నన్ను కుమారుడనుట నాకు భరింపరానిదని రాజు ముఖముననే చెప్పెను. కాని రాజు దానిని పట్టుకొని శిక్షింపజాలడు. మెర్క్యూషియో కత్తిపోటు తిని ప్రాణము విడుచుచు, రేపు తన్ను వెదకువారికి తాను ‘గ్రేవ్’ మనుష్యుడుగా కనబడుదునని చెప్పును. గంభీరు డనియు, గోరీ యనియు ఆ మాట కర్థములు. ఇది మాత్రము తెలుగున చక్కగా కుదురునని నాకు తోచుచున్నది. మనకు ‘సమాధి’ యను మాట యున్నది గదా. రెండవ రిచర్డు నాటకమున వృద్ధుడైన గాంటు మరణశయ్యపై తన పేరుమీదనే శ్లేషలు కట్టును. గాంటనగా బక్కచిక్కినవాడు. రోగి యిట్లు మాటలతో నాడునా యని రాజే వెరగుపడును. రోగుల ప్రక్కన కూర్చున్నవారెవరును ఆ ప్రశ్న వేయరు.

నా మనస్సునకు మిక్కిలి భయంకరముగా తోచినది మాక్బెత్తు భార్య మాట. ఈ నాటకము ఎలిజబెత్తు రాణి 1603లో మరణించిన పిదప, జేమ్సు రాజు కాలమున వ్రాయబడినది. అయినను కవి యొక్కడే, కలము నదియే. రాజును చంపిన కత్తులు భర్త చేతిలోనే యున్నవి. ఆమె వానిని లాగుకొని, నిద్రించు భటుల ముఖములకు నెత్తురు పూసి, నేరము వారిదిగా కనబడునట్లు చేసెదనని చెప్పును. పూయుటకు ఆమె వాడిన మాటకు బంగారుపూత వేయుట యని యర్థము. మనవారు గిల్టు నగ యనునప్పటి గిల్టదియే. నేరమునకును ఆంగ్లమున ‘గిల్ట్’ అనియే ధ్వని. దీనిని తరగతిలో చెప్పినప్పుడు గిల్టు నగ యనగానే పిల్లలు నవ్విరి, నేరమనగానే నవ్వు ఆగిపోయినది. ఆ మాట పలుకునప్పుడు ఆమె హాస్యమాడుట లేదు. నెత్తురు బంగారమువలె మెరయుటయు, అది నేరమగుటయు ఆమె మనస్సున ఒకేమారు మెరసినవి.

ఇంతవరకు చదివినవారు నేను ద్వ్యర్థపదములకు వకాల్తా పుచ్చుకొంటినని యనుకొనవచ్చును. అట్లు కాదు. 1594లో అచ్చుపడిన మార్లో ‘రెండవ ఎడ్వర్డు’ నాటకమున మార్టిమరు అను ప్రభువు చెరలోనున్న రాజును చంపింపదలచి, విరామచిహ్నములు లేని యొక లాటిను ఉత్తరము వ్రాయించును. ఒకచోట ఆపి చదివిన, ఎడ్వర్డును చంపుటకు వెరవకు డని యర్థము. వేరొకచోట ఆపి చదివిన, చంపకుడు, వెరచుటయే మేలని యర్థము. పని జరుగవలెను, తప్పు తనపైకి రాకూడదు. మా కమతగాని వంటివారికి కూడ ఈ విద్య తెలిసినదే యని యిది చదివి యనుకొంటిని. కడపట ఆ యుత్తరమే మార్టిమరునకు మృత్యు వయ్యెను. మాక్బెత్తును ముంచినవియు రెండర్థముల మాటలే. స్త్రీకి జన్మించిన వాడెవడును నిన్ను చంపజాలడని విని యతడు ధైర్యము తెచ్చుకొనెను. మాక్డఫు తల్లి గర్భమును చీల్చి తీయబడినవాడని తెలియునప్పటికి మించిపోయెను. ఆ నాటకమున ద్వారపాలకుడు త్రాగి, రెండువిధముల నొట్టుపెట్టువానిని నరకద్వారమున ఆహ్వానించును. 1605 నవంబరు 5వ తేదీ నాటి తుపాకిమందు కుట్ర సంబంధమున విచారింపబడి 1606లో ఉరితీయబడిన హెన్రీ గార్నెట్ అను మతగురువు, ద్వ్యర్థముగా ప్రత్యుత్తరమిచ్చుటను సమర్థించి గ్రంథము వ్రాసినవాడు. ప్రేక్షకులకు ఆ మాట వెంటనే తెలిసియుండును. ఆ గురువు ప్రాణభయమున్నవాడే యని నా కనిపించును. ఆయన విషయమున తీర్పు చెప్ప నాకు మనసొప్పదు. మంత్రగత్తెలకును చెప్పులు కుట్టువానికిని భేదము కలదని మాత్రము చెప్పగలను. అతడు రెండర్థములను ఎదుటివాని చేతిలో పెట్టును, వినువాడు వినవచ్చును. వారు ఒకటి చేతిలో పెట్టి, రెండవది కొంగున దాచుదురు.

ఈ మాటలలో చాల భాగము నేడు చెవికి చచ్చిపోయినవి. ‘రీజన్’ అనగా హేతువు, ‘రైజిన్’ అనగా ఎండుద్రాక్ష. ఆ కాలమున వీని యుచ్చారణములు దగ్గరగా నుండుటచేత, బలవంతపెట్టిన హేతువు చెప్పనని ఫాల్స్టాఫు అడవిపండ్ల ప్రస్తావన తెచ్చుటలో అందముండెను. రోము పేరును ‘రూము’ అను మాట వలె పలుకుటచేత, ఒక్కని కొరకే చోటున్న నగరమని కాసియసు ఎత్తిపొడువగలిగెను. 2004వ సంవత్సరమున లండనులోని గ్లోబు నాటకశాలవారు భాషాశాస్త్రజ్ఞుడైన డేవిడ్ క్రిస్టలు సహాయమున ‘రోమియో జూలియెట్’ను నాటి యుచ్చారణముతో ప్రదర్శించిరి. అక్షరక్రమము సైతము అప్పటికి కుదురుకొనలేదు. ఆంగ్లపదములకు ఆంగ్లమున అర్థము చెప్పు మొదటి నిఘంటువగు రాబర్ట్ కాడ్రీ గ్రంథము 1604లో గాని వెలువడలేదు. 1623లో ‘జూలియస్ సీజరు’ మొదటిసారి అచ్చుపడినప్పుడు చెప్పు అట్టను సైతము ఆత్మకు వాడు అక్షరములతోనే కూర్చిరి. అచ్చుకూర్చువానికి కూడ ఏ యర్థమని సందేహము కలిగెనేమో! కొన్ని ద్వ్యర్థములు పిల్లలకు చెప్పదగనివియు నున్నవి. వానిని 1818లో థామస్ బౌడ్లరు కుటుంబముల కొరకై తొలగించి ప్రకటించెను. ఆయన కత్తెరను లోకము పరిహసించినది గాని, నలుబదిమంది పిల్లల యెదుట నిలుచున్న నేను ఆ పరిహాసమున చేరలేను.

ఆడిసన్ పరీక్ష యొకటి మిగిలియున్నది. మా తండ్రి మాటను నేను ఆంగ్లమునకు మార్చ యత్నించితిని. అడుగు నిలువలేదు. ఒక వాక్యమునకు మూడు వాక్యములు కావలసివచ్చెను, మూడింటిలోను నవ్వు లేదు, వాడియు లేదు. అయినను ఆ సాయంకాలము మా వాకిట ఆ మాట వట్టి ధ్వనిక్రీడ కాదు. ఒక మనుష్యుడు ఆ మాట మీద నిలుచుండెను. పరభాషలో నిలువని దబద్ధమగునేని, మా తల్లి యేల నవ్వెను?

నేను మారుదారి పట్టి, ఆ రోము రంగమును తెలుగున మా తండ్రికి వినిపించితిని. ఆయనకిప్పుడు వయస్సు మీరినది, చేతులు వణకుటచే ఆరె పట్టుట మానెను, వినికిడియు తగ్గినది. ‘సోల్’ అను చోట నాకు మాట తోచక ఆగితిని. ఏమి చిక్కని యడిగి తెలిసికొని, ‘అడుగు అను, సరిపోతుంది’ అనెను. అధికారులు గద్దించుటయు, వాడు అడుగులు బాగుచేయువాడనని బదులిచ్చుటయు విని, పండ్లు లేని నోటితో చాలసేపు నవ్వెను. వాడు భయపడి యన్నాడా, భయము లేక యన్నాడా యని నా విద్యార్థి ప్రశ్నను ఆయన ముందుంచితిని. ఆయన దానికి బదులు చెప్పలేదు. కొంతసేపటికి నావైపు తిరిగి, ‘ఇంతకీ వాడికి మేర కొలిచారా?’ అని యడిగెను.

లేదంటిని. ఆ అధికారులు అందరిని తిట్టి యిండ్లకు తరిమిరనియు, చెప్పులు కుట్టువాడు మారుమాటాడక పోయెననియు, ఆ తరువాత నాటకమున వాని కొక్క మాటయు లేదనియు చెప్పితిని.

‘పొద్దు పోయింది, పడుకో’ అని మా తండ్రి దుప్పటి కప్పుకొనెను.